పచ్చనిదెల్ల మేత కాదు

కరువుసీమవారికి కడలితో నేమి పని యని మా పాఠకులు ప్రశ్నింపవచ్చును. శింగనమలకును బంగాళాఖాతమునకును నడుమ 250 కిలోమీటర్లకు మించిన నేల యున్నది. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రతుకు వెళ్ళదీయు జిల్లాలో చెరువు నిండుటయే పండుగ. సముద్రపు నాచును గూర్చియు, ఆ నాచు నీడలో బ్రతుకు కంటికానని జీవులను గూర్చియు ఆలోచించు తీరిక యెవరికున్నది? అయినను ఈ వారము మేమా విషయమునే యెత్తుకొనుచున్నాము. ఏలయన, ఇందు కోస్తా సోదరులకు చెప్పదగిన బుద్ధి యొకటి మన మెట్టసీమ యొద్దనే యున్నది. దానిని మనము మిక్కిలి వెల పెట్టి నేర్చుకొంటిమి.

తొలకరి పడినపిదప మన బీళ్ళమీదుగా నొకమారు నడచి చూడుడు. బాట కిరువైపుల నేల పచ్చగా నుండును. పరదేశపు బాటసారి ఆ పచ్చదనము చూచి, ఈ యేడు పసులకు మేత సమృద్ధియని సంతసించును. గొఱ్ఱెలకాపరి మాత్రము సంతసింపడు. ఆ పచ్చదనములో నెంత గరికయో, ఎంత వయ్యారిభామయో అతనికి తెలియును. వయ్యారిభామను గొఱ్ఱె ముట్టదు. అది బలిసినచోట గరిక నిలువదు. అందుచేత నతడు నేలను రంగుచేత కొలువడు, మంద కడుపుచేత కొలుచును. ఈ కాపరి చూపే నేడు సముద్రతీరమునకును కావలసియున్నదని మా వాదము.

సందర్భము చెప్పెదము. 2020వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము ప్రధానమంత్రి మత్స్యసంపద యోజన నారంభించి, 20,050 కోట్ల రూపాయల ఆ పథకములో 640 కోట్లు సముద్రపు నాచు పెంపకమునకై ప్రత్యేకించెను. వేయి కిలోమీటర్ల తీరము గల ఆంధ్రదేశమున కిందులో భాగము రావలెనని కోరుట న్యాయమే. నాచునుండి అగరు, ఆల్జినేటు, క్యారజీనను అను పదార్థములు తీయుదురు. ఇవి మందులలోను, ఆహారములలోను, పరిశోధనశాలలలోను వాడుకలో నున్నవి. నాచుపైరుకు గుంటెడు నేల అక్కరలేదు, మంచినీటి చుక్క అక్కరలేదు, ఎరువుబస్తా అక్కరలేదు. వేటలేని దినములలో చేయి చాచవలసివచ్చు పల్లెకార కుటుంబములకు, అందును ఆడవారికి, ఇది యొక జీవనాధారము కాగలదు. కావున మేమీ యుద్యమమునకు విరోధులము కాము. స్వాగతమే పలుకుచున్నాము. అయితే పైరు పెట్టువాడు కలుపును గూర్చియు, పొలముగట్టున మేయు మందను గూర్చియు ముందుగా నాలోచింపవలెను. సముద్రమున ఆ మంద యేది?

దానిని చూచుటకు సముద్రమునకు పోనక్కరలేదు. శింగనమల చెరువులో నీరున్న దినములలో తెల్లని గాజుగ్లాసుతో నొకింత నీరు ముంచి యెండకు పట్టి చూడుడు. దుమ్మువలె కనబడు కణములు కొన్ని తమంత తాము కదలును, గెంతును, ఆగును, మరల గెంతును. డాఫ్నియా, సైక్లాప్సు, రోటిఫరు మున్నగు పేర్లు గల యీ జీవులకు శాస్త్రజ్ఞులు జంతుప్లవకములని సామాన్యనామ మిడిరి. నీటిలో తేలియాడు అతిసూక్ష్మమైన పచ్చని మొక్కలు, అనగా వృక్షప్లవకములు, వీనికి మేత. ఈ జీవులు చేపపిల్లలకు మేత. చెరువులో పెరుగు బొచ్చె చేప పెద్దదైన పిదపను ముఖ్యముగా వీనినే తిని బ్రతుకును. సూర్యుని వెలుగును పచ్చని మొక్క పట్టుకొనును. దానిని చేప కందించువాడు ఈ నడిమివాడు. నడిమివాడు లేనిచో పచ్చదన మెంత యున్నను చేప కడుపు నిండదు.

చెరువెండినపుడు వీరి గతి యేమి? డాఫ్నియా వంటివి గట్టిపెంకు గల గుడ్లను అడుగుమట్టిలో విడిచిపోవును. మట్టి బీటలు వారినను ఆ గుడ్లు ఏండ్లతరబడి ఓర్చి, వాన వచ్చి చెరువు నిండినపుడు మేల్కొనును. కరువు నోర్చుట మన రైతు కొక్కనికే తెలిసిన విద్య కాదు.

ఇంత చిన్న ప్రాణులను గూర్చి యింత విచారమేల యని యెవరేని యందురేమో! వెనుకటి కాలపు దిగుడుబావులను, నారికురుపును తలచుకొనుడు. నారిపురుగు పిల్లలను తనలో దాచుకొని త్రాగునీటితో మనుష్యుల కడుపులోనికి చేరవేసినది ఈ సైక్లాప్సే. నీటిని గుడ్డతో వడకట్టుటయు, దిగుడుబావులను మాన్పించుటయు అను సులభోపాయములచేత దేశమా వ్యాధిని వదల్చుకొన్నది. 2000 సంవత్సరమున భారతదేశము నారికురుపు లేని దేశముగా నిర్ణయింపబడినది. కంటికానని ప్రాణి లెక్కలోనికి రాదనుకొనుట ఎంత పొరపాటో ఆ కథ చెప్పును. అపకారము విషయమున వానిని లెక్కించిన మనము ఉపకారము విషయమున లెక్కింపకుండుట తగునా?

సముద్రములో ఈ నడిమివాని స్థానము ముఖ్యముగా కోపెపాడులది. తెడ్లవంటి కాళ్ళు గలవి యని ఆ మాటకు అర్థము. వీనిలో పెక్కింటి ప్రమాణము రాగిగింజకు మించదు. కవళ్ళు మొదలుకొని కానాగంతల వరకు మన తీరపు చేపలెన్నో పిల్లతనమున వీని పిల్లలను తినియే కన్ను తెరచును. చేప గ్రుడ్డునుండి వెలువడిన కొలదిదినములలో నోటికి సరిపోవు మేత దొరకనియెడల నశించును. కోపెపాడుల పుట్టుకకును చేపపిల్లల పుట్టుకకును కాలము కుదిరిన యేడు వల నిండును. కుదరని యేడు వల తేలిపోవును. పల్లెకారుడు దీనిని దైవయోగ మనును. ఇందులో కొంత భాగము మేతయోగము.

ఇప్పుడు నాచు విజృంభణము మాటకు వత్తము. సముద్రము అప్పుడప్పుడు ఒక్కసారిగా పచ్చబడుటయో, ఎఱ్ఱబడుటయో, గోధుమవన్నె దాల్చుటయో ఆంధ్రతీరమునకు క్రొత్త కాదు. వేసవి తొలిదినములలో వాల్తేరు తీరమున గాలియు ప్రవాహమును పైనీటిని ఆవలికి నెట్టగా, సారవంతమైన అడుగునీరు పైకి వచ్చును. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1950 దశకమున పనిచేసిన అమెరికా దేశపు సముద్రశాస్త్రజ్ఞుడు లాఫాండు ఈ విషయమును పరిశీలించెను. ఆ సారముచేత అస్టెరియోనెల్లా అను సూక్ష్మనాచు వాల్తేరు సముద్రపు రంగే మారునంతగా పెరిగిన విధమును డి.వి. సుబ్బారావుగారు 1969లో ప్రకటించిరి. ఇట్టి విజృంభణము తనంతట చెరుపు కాదు. అది సముద్రపు పంటకాలము. పచ్చిక మొలచును, మంద మేయును, చేప బలియును. అయినను ఇక్కడను కాపరి జాగ్రత్త పనికివచ్చును. ఇటలీలోని నేపుల్సు పరిశోధకులు తోడివారితో గూడి 1999లో ప్రకటించిన దేమనగా, మంచిమేత యని అందరు తలచిన డయాటములలో కొన్ని తమ్ము తిన్న కోపెపాడుల గుడ్లు సరిగా పిల్లలు కాకుండ చేయు రసములను పుట్టించునని. తల్లి కడుపు నిండును, సంతతి సన్నగిల్లును.

ఇక మేయరాని పచ్చదనము సంగతి. నాక్టిల్యూకా యను సూక్ష్మజీవి యొకటి గలదు. రాత్రివేళ అలలలో నీలికాంతిని వెలార్చునది యిదియే. ఇది కోపెపాడులకు తగిన మేత కాదు సరికదా, వాని మేతను తాను మ్రింగును. వాని గుడ్లను సైతము మ్రింగును. 2005 ఏప్రిలులో, తెలుగువారు తరతరములుగా నివసించు గంజాము తీరమున, ఋషికుల్యానది ముఖద్వారముకడ ఇది సముద్రమున కెఱ్ఱరంగు పూసెను. 2019 సెప్టెంబరు, అక్టోబరు మాసములలో మన్నారు సింధుశాఖలో నిది విజృంభింపగా నీటిలోని ప్రాణవాయువు తగ్గి చేపలు తీరమున చచ్చిపడెను, పగడపుదిబ్బలును చెడెను. అరేబియా సముద్రమున ఈ శతాబ్దారంభము నుండి శీతకాలమున డయాటముల స్థానమును నాక్టిల్యూకా ఆక్రమించుచున్నదని 2014లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అచ్చట దీనిని తినువారు సాల్పులు, జెల్లిచేపలు. జెల్లిచేప వలలో పడిన జాలరి మొగము చూచినవారికి ఈ మార్పు ఫల మేమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇవి సూక్ష్మమైన నాచుల కథలు. చేతితో పట్టి లాగదగిన పెద్దనాచు పొంగినపుడు జరుగునది యింకను చూడదగినది. చైనాదేశమున పసుపుసముద్రతీరమందలి ఛింగ్‌దావు నగరమున 2008లో ఒలింపిక్కు తెరచాపపడవల పందెములు జరుగనుండగా, ఉల్వా యను ఆకుపచ్చనాచు సముద్రమును పచ్చిక బయలు చేసినది. వేలకొలది జనము దినములతరబడి శ్రమించి పదిలక్షల టన్నులకు పైగా నాచు నెత్తివేయవలసివచ్చెను. అది యెచ్చటినుండి వచ్చినది? దక్షిణమున చాలదూరమున, తినుటకై మరియొక జాతి నాచును పెంచు త్రాళ్ళకు కలుపుగా నంటుకొన్న ఉల్వాను సేద్యగాండ్రు గీకి నీటిలో విడువగా, అది తేలుచు పెరుగుచు ఉత్తరమునకు వచ్చెను. పైరు మంచిదే. కలుపు నెచ్చట పారవేసితిమను విషయమే ముప్పు తెచ్చినది.

ఇట్టి నాచుతెట్టు క్రింద జంతుప్లవకముల కేమగును? మొదటిది, పెద్దనాచు నీటిలోని నత్రజనిని, భాస్వరమును తానే పీల్చుకొనును. వెలుగును పైననే పట్టుకొనును. క్రిందనున్న సూక్ష్మనాచులు క్షీణించును. కోపెపాడుకు ఉల్వా ఆకు నమలుటకు నోరు లేదు. కండ్లయెదుట పచ్చనివనము, కడుపులో ఆకలి! ఆకలిగొన్న ఆడుజీవి గుడ్లు తక్కువ పెట్టును. రెండవది, ఉల్వా విడుచు కొన్ని రసములు సూక్ష్మనాచుల పెరుగుదలను నేరుగా అణచును. మూడవది, పగలు ప్రాణవాయువును పుట్టించిన తెట్టే రాత్రి దానిని హరించును. నాలుగవది మిక్కిలి ఘోరమైనది. నాచు చచ్చి అడుగునకు దిగి కుళ్ళునపుడు ప్రాణవాయువు హరించిపోయి, అమ్మోనియా, కుళ్ళినగుడ్ల వాసనగల గంధకవాయువు పుట్టును. చెరువుమట్టిలో డాఫ్నియా గుడ్లవలెనే, తీరపు బురదలో పెక్కు కోపెపాడుల గుడ్లు రానున్న ఋతువుకై నిద్రించుచుండును. ఊపిరాడని బురదలో అవి పిల్లలు కాజాలవు. అనగా ఆ యేటి మందయే కాదు, మరుసటి యేటి విత్తనమును చెడును.

న్యాయముకొరకు రెండవ పక్షమును చెప్పవలెను. మితముగానున్న నాచు నీడను, దాగుచోటును ఇచ్చును. దాని ఆకులనంటి బ్రతుకు చిన్నచిన్న రొయ్యజాతులు పెరుగును. చేపపిల్లలు శత్రువుల కంటబడక తలదాచుకొనును. కావున నాచు వచ్చినంతమాత్రమున జీవము నశించునని కేకలు వేయుట తెలివి కాదు. కాని అక్కడ మొత్తము జీవుల లెక్క పెరిగినను, జాతులు మారిపోవచ్చును. మందలో తలలు లెక్కపెట్టి, గొఱ్ఱెలు పోయి నక్కలు చేరిన సంగతి గమనింపని కాపరి యుండునా?

మన దేశపు అనుభవము నొకటి చెప్పి తరువాత విధులను సూచించెదము. క్యారజీననుకై పెంచు కప్పాఫైకసు అను నాచు మన సముద్రములది కాదు. దానిని 1980 దశకమున పరిశోధనకై దేశమునకు తెచ్చిరి. తరువాత తమిళతీరమున సేద్యమునకు దించిరి. ఎందరో పేదలకు కూలి దొరకెను; అది నిజము. 2008లో మన్నారు సింధుశాఖలోని క్రుసడై దీవికడ ఆ నాచు త్రాళ్ళను విడిచి పగడములమీద ప్రాకియున్నదని శాస్త్రజ్ఞులు ప్రకటించిరి, అదియు నిజము.

ఈ రెండు నిజములను ఒక్కచోట చేర్చి చూచుట రాయలసీమవారికి సులభము. 1877లో, కరువునేలలకు పచ్చదనమును, పేదలకు వంటచెరకును సమకూర్పవలెనను సదుద్దేశముతో, కడపజిల్లా కమలాపురమున ఒక విదేశీవృక్షపు విత్తనములు నాటబడెను. అదే నేటి మన సర్కారుతుమ్మ. అది వంటచెరకు నిచ్చినది, బొగ్గు నిచ్చినది, కాదనము. కాని చెరువుగర్భములను, వంకలను, బీళ్ళను ఎట్లాక్రమించినదో చూచుటకు ఈ సీమలో ఏ యూరి పొలిమేర దాటినను చాలును. తెచ్చిననాడు అడుగవలసిన ప్రశ్న యొక్కటే: ఈ పచ్చదనమును మేయువా డెవడు? దాని నానా డెవరు నడుగలేదు. నేడు వేరు పెకలించుటకు రైతు తన చేతిసొమ్ము పెట్టుచున్నాడు.

కావున తీరమున నాచు సేద్యము తలపెట్టు ప్రభుత్వమును మేము కోరునవి యివి. మొదట, మన తీరపు నాచులనే ముందుగా పరీక్షింపవలెను. విశాఖతీరపు రాళ్ళమీది నాచులను ఉమామహేశ్వరరావు, శ్రీరాములుగారలు 1964నాటికే శాస్త్రీయముగా వర్ణించిరి. ఇల్లు వెదకక ఊరు వెదకుట ఏల? రెండవది, త్రాళ్ళు కట్టకముందు ఒక సంవత్సరమును, కట్టినపిదప ప్రతిఋతువునను ఆ నీటిలోని జంతుప్లవకములను జాతులవారీగా లెక్కింపవలెను. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహములద్వారా సముద్రపు రంగును గమనించి, చేపలు దొరకు తావులను జాలరులకు తెలుపుచున్నది. అది మెచ్చదగిన సేవ. కాని ఉపగ్రహము పచ్చదనమును చూడగలదు, మేయువానిని చూడలేదు. దానికి పడవయు, సన్నని వలయు, సూక్ష్మదర్శినియు, ఓపికగల విద్యార్థియు కావలెను. వాల్తేరు విశ్వవిద్యాలయమున కీ విద్య క్రొత్త కాదు. మూడవది, తెగిన నాచును, కలుపును నీటిలో విడువక ఒడ్డునకు చేర్చు బాధ్యతను సేద్యపు షరతులలోనే వ్రాయవలెను. నాలుగవది, ఆ లెక్కలను తెలుగున అచ్చువేసి రేవులలో అంటింపవలెను.

ఇన్ని లెక్కలతో పేదవాని కూడు ఆలస్యమగునని కొందరందురు. పేదవాని పేరు చెప్పి తొందరపడుట మన దేశమున కలవాటైనది. అదే సముద్రమున నాచు పెంచు కుటుంబముండును; దాని పొరుగున వలవేయు కుటుంబమును ఉండును. ఒకరి త్రాడు మరియొకరి వలను వట్టిపోజేసినచో పేదరికము ఇల్లు మారినదే గాని తీరినది కాదు. ఒక్క సంవత్సరపు లెక్కకు పట్టు వెచ్చము, నూరేండ్లు తుమ్మలు పెకలించు వెచ్చముతో పోల్చదగినదా?

తీరమువారికి చెప్పి ఊరకుండుట మాకు తగదు. నాచు పొంగుటకు మూలము సారము మితిమీరుటయే. ఆ సార మెచ్చటినుండి వచ్చును? పట్టణపు మురుగునుండియు, రొయ్యలగుంటల విడుపునీటి నుండియు, పొలమున పైరు త్రాగగా మిగిలిన యెరువు నుండియు. మన జిల్లా నీటిని మోయు పెన్న నెల్లూరు దాటి బంగాళాఖాతమున కలియుచున్నది. వరద వచ్చిన యేడు మనము విడిచినది సముద్రమునకు చేరును. వరద రాని యేడు మన చెరువులలోనే నిలిచి మనకు దక్కును. మురుగు చేరిన చెరువున నీలాకుపచ్చనాచు గుంపులుగా కట్టి, డాఫ్నియా నోటికి పట్టక, కొన్నిసార్లు విషమును పుట్టించి, పెద్దజీవులను తొలగించి, రోటిఫరుల వంటి చిన్నవానిని మాత్రమే మిగుల్చును. అపుడు బొచ్చె చేప బక్కచిక్కును. ఆ నీరు త్రాగు పసులకును అపాయమే. తుంగభద్ర ఎగువకాలువ నీటికై కండ్లు కాయలు కాచునట్లు ఎదురుచూచు మనము, వచ్చిన నీటిని ఊరిమురుగుతో కలిపి చంపుకొనుట ఆత్మద్రోహము.

శింగనమల ప్రాంతపు ఉపాధ్యాయుల కొక మనవి. గజము పలుచని పట్టుగుడ్డ, ఒక ఇనుపచుట్టు, ఒక సీసా యున్న చాలును. చెరువునీరు వడకట్టి బాలుర చేత, బాలికల చేత లెక్క పెట్టింపవచ్చును. వానకు ముందొకమారు, చెరువు నిండినపు డొకమారు, ఎండుచున్నపు డొకమారు ఆ లెక్కను పాఠశాల గోడమీద వ్రాయింపుడు. పది సంవత్సరముల తరువాత ఆ గోడ చెప్పు సంగతి యే కార్యాలయపు కాగితమును చెప్పజాలదు. తీరమున వేసవి యలలు పచ్చబడినను, మన చెరువుమీద పాచి తెట్టుకట్టినను, అడుగవలసినది కాపరి యడుగు ప్రశ్నయే. పచ్చగా నున్నది సరే, మేయువాడు బ్రతికియున్నాడా? ఆ ప్రశ్నకు బదులు చెప్పగలిగిన నాడే నాచుసేద్యమునకు మేము నిండుమనస్సుతో జయము పలుకుదుము.